ఎర్త్ బోల్టు

నవంబర్ 4, 1996

ముత్తంగి దాటగానే కారు ముందు లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎదురుగా లారీ, వెనుక సీట్లో రావు సార్. బ్రేకు మీద కాలు, దేవుడి మీద భారం వేశాను. లారీవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. నాలుగు బారలు ముందుకు పోయేసరికి లైట్లు వాటంతట అవే వెలిగాయి, ఏమీ ఎరగనట్టు.

సార్ నోటి వెంట వచ్చిన మొదటి మాట ఏమిటి? "ఏమయ్యా వెంకటేశం, తాగావా?"

నాలుగేళ్ల నుంచి ఈ ఫ్యాక్టరీ అంబాసిడర్ తోలుతున్నాను. స్టీరింగు ముందు కూర్చునే రోజు ఏనాడూ చుక్క ముట్టలేదు. లైట్లు పోతే డ్రైవర్ తాగినట్టా? ఆ లెక్కన కరెంటు పోయినప్పుడల్లా ఊరంతా తాగినట్టే. నోటిదాకా వచ్చిన మాట మింగాను. మింగక చస్తానా? జనవరి ఒకటిన కార్ల డ్రైవర్లలో ఒక్కడిని పర్మనెంట్ చేస్తారట. ఉన్నది ఇద్దరం, నేనూ, మారుతి తోలే మల్లయ్యా. పేరు రాసి పంపేది మేనేజరు రామలింగేశ్వరరావు గారే, అంటే ఈ రావు సారే. ఈసారి తప్పితే నాకు మళ్లీ క్యాజువల్ బతుకే.

పోతిరెడ్డిపల్లిలో ఆయన ఇంటి ముందు దింపేటప్పుడు అన్నాడు: "రేపే చూపించు. మళ్లీ ఇలా జరిగితే ఊరుకోను."

గడ్డపోతారంలో ఆయన ఆఫీసు గది ఉన్నచోట మా నాయన జొన్న వేసేవాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే మాత్రం కుర్చీ జరుపుతాడా?

నవంబర్ 5

పొద్దున్నే పటాన్‌చెరులో చిన్నరాములు షెడ్డుకు పోయాను. మా కంపెనీ బండ్ల వైరింగంతా అతనిదే. వ్యాన్లు, అంబులెన్సు, ఈ కారు, అన్నీ. రెండేళ్ల కింద ఈ అంబాసిడర్‌కు ముందువైపు వైర్లన్నీ కొత్తగా వేసిందీ అతనే.

వాళ్ల నాయన మొగులయ్య మా ఇంట్లో జీతం ఉండేవాడు. మా పశువులు కాసేవాడు, మా అమ్మ పోసిన అంబలి వాకిట్లో కూర్చుని తాగేవాడు. ఆ మొగులయ్య కొడుకుతో సార్ చెయ్యి కలుపుతాడు, "రాములు గారూ" అంటాడు. నన్ను "ఏమయ్యా" అంటాడు. రాస్తుంటే నవ్వొస్తోంది. నవ్వు కాదులే, ఒళ్లు మండుతోంది.

రాములు మాత్రం నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "కూసోండ్రి పటేలా" అని స్టూలు తుడిచాడు. భూములు పోయాక నన్ను పటేలా అని పిలిచేవాడు వీడొక్కడే మిగిలాడు.

"లైట్లు ఎయ్యుండ్రి."

వేశాను. భగ్గున వెలిగాయి, దొంగముండలు.

"ఇప్పుడు మంచిగనే ఉన్నయి గద పటేలా."

"నిన్న పోయినయి. నేను అబద్ధం చెప్తున్ననా?"

"అయ్యో, గట్ల కాదు. పోయినప్పుడు మీరేం చేస్తున్నరు? బ్రేకు కొట్టిండ్రా, ఇండికేటర్ ఏసిండ్రా, గుంతల పడ్డదా?"

"పాణం పోతుంటే ఇవన్ని సూస్తరా ఎవలన్న?"

ఫ్యూజులు తీసి గీకి మళ్లీ పెట్టాడు. స్విచ్చి విప్పి చూశాడు. చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టుకుని ఉంటాడు, దాన్ని ప్రతి వైరుకూ అంటించి బల్బు వెలుగుతుందా లేదా చూస్తాడు. గంటసేపు అదే పని. ఏమీ దొరకలేదు. చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"రెండు లైట్లు ఒక్కపారి పోతున్నయంటే బల్బులు కావు పటేలా. బల్బుకు పోయిన కరెంటు బండి బాడీలకెళ్లి మల్ల బ్యాటరీకి రావాలె. ఎర్త్ అంటం గదా, అదే. రెండు లైట్ల ఎర్త్ నేను ఒక్క బోల్టుకే ఇచ్చిన. ఆడ పట్టు తప్పుతున్నదేమో. ముందటి జాలీ ఇప్పితే గాని అది కానరాదు. ఒక దినం బండి ఇడిసిపెట్టుండ్రి."

ఒక దినం! ఆ దినమంతా సార్ మల్లయ్య మారుతిలో తిరుగుతాడు. మల్లయ్య దారి పొడుగునా బెల్లం పూసి మాట్లాడతాడు. ఇంకో రెండు నెలలు నేను ఒక్క దినం కూడా ఆ కారు దిగను.

"టైం లేదు. ఉన్నకాడికి చేసియ్యి" అన్నాను.

"అయితే ఒక పుస్తకంల రాయుండ్రి. పోయినప్పుడల్ల ఏం చేస్తుంటే పోయిందో రాస్తే నేను పట్టుకుంట." బానెట్ దించుతూ అడిగాడు: "దసరాకు బండి కడిగినప్పుడు ముందల ఎవలన్న చెయ్యి పెట్టిండ్రా?"

"ఎవలు పెడ్తరు? నేనేం పిచ్చోన్నా?"

మొగులయ్య కొడుకు నాకు హోంవర్కు ఇస్తున్నాడు. పైగా నా మీదే అనుమానం.

సార్‌కు ఏం చెప్పాలి? "రాములు చూసిండు సార్, అంతా మంచిగుందన్నడు" అని చెప్పాను. జాలీ మాట చెప్పలేదు.

నవంబర్ 6

పోలేదు.

నవంబర్ 7

పోలేదు. ఊరికే భయపడ్డాను.

నవంబర్ 9

పోయాయి. ఇస్నాపూర్ దగ్గర, గుంతలో పడినప్పుడు. ఎడమ ఇండికేటర్ వేసి ఉంది. నేనొక్కడినే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఇదిగో, రాశాను. చాలా?

రేపు దీపావళి. ఊరంతా దీపాలు, నా బండికే లేవు. ఇంటికొచ్చి సంచి విసిరికొడితే మా ఆవిడ అరుణ అంది: "రాములన్న అడిగినట్టు ఒక దినం ఇడిసిపెట్టరాదు. ఏం పోతది?"

"నౌకరీ పోతది."

"బండి తీస్కపోయి ఎవన్నన్న గుద్దితే ఉంటదా నౌకరీ?"

ఆడదానికి ఫ్యాక్టరీ సంగతులు ఏం తెలుసు అన్నాను. ఆమె పూరీలు ఒత్తడం ఆపలేదు.

నవంబర్ 13

గుద్దాను.

రుద్రారం దగ్గర రోడ్డు వారగా లారీ ఆపాడు ఎవడో, వెనుక ఎర్ర దీపం లేదు. సరిగ్గా అక్కడే లైట్లు పోయాయి. చివరి నిమిషంలో స్టీరింగు కుడివైపు కోశాను కానీ ఎడమ మూల తగిలింది. ఎడమ లైటు పగిలింది, జాలీ వంగింది. సార్ నుదురు ముందు సీటుకు కొట్టుకుని బుడిపె కట్టింది. రోడ్డు మీదే అరిచాడు.

"ఎవరయ్యా ఈ బండి చూసింది? ఎవరు బాగుందన్నది?"

"రాములు సార్."

అంతవరకూ నిజమే. అబద్ధం కాదు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. "పాత వైరు ఏసిండు సార్, చెప్తే వినడు." అది ఎవరూ అడగలేదు. వేశాడేమో ఎవరికి తెలుసు? నేను పక్కన నిలబడి చూశానా?

సార్ నుదురు పట్టుకుని, "నువ్వు కోయబట్టి బతికాం" అన్నాడు. నాలుగేళ్లలో మొదటి మంచి మాట. దానికోసం బండి గుద్దాల్సి వచ్చింది.

నవంబర్ 14

రాములు గేట్ పాస్ తీసేసుకున్నారు. లోపల వ్యాను పని మధ్యలో ఉన్నాడట, పానా చేతిలో ఉండగానే వాచ్‌మన్ బయటికి పంపాడు. సార్ చుట్టుపక్కల నాలుగు ఫ్యాక్టరీలకు ఫోన్ చేసి, ఆ మనిషి చేతికి బండ్లు ఇవ్వకండి, ప్రాణాల మీదికొస్తుంది అన్నాడట.

నేను ఫోన్ చేయలేదు.

నవంబర్ 16

కారు డెంటింగ్ షెడ్డులో ఉంది. వంగిన జాలీని విప్పి పక్కన పడేసి డెంటింగ్ ఆయన చాయ్ తాగడానికి పోయాడు. నేను ఊరికే లోపలికి తొంగి చూశాను.

ఎర్త్ బోల్టు కనబడింది. రెండు లైట్ల నల్ల వైర్లు దానికే ఉన్నాయి, కొత్తవే, గట్టివే. కానీ వైరు కొసకూ బాడీకీ మధ్య ఇనుప బైండింగ్ తీగ ఇరికించి ఉంది. ఆ తీగ కింద ఎండి నల్లబడిన నిమ్మకాయ, నాలుగు మిరపకాయ తొడిమెలు వేలాడుతున్నాయి. నిమ్మకాయ కుళ్లి, దాని రసమంతా బోల్టు మీదికి కారి, పచ్చగా చిలుము పట్టింది. చేత్తో కదిపితే తీగ కదిలింది, వైరూ కదిలింది.

కట్టింది నేనే.

దసరా నాడు. ఈ పుస్తకంలో రాయలేదు, అది రాసేంత విషయమా? పోయిన ఏడు బంపరుకు నిమ్మకాయ కడితే సార్ తెంపి పడేశాడు, "ఇది కారా, జాతర బండా?" అన్నాడు. ఈ ఏడు మా అమ్మ సత్తెమ్మ పసుపు కుంకుమ పెట్టిన నిమ్మకాయ చేతిలో పెట్టి, "రోడ్డు మీద తిరిగేటోనివి, కట్టకుండ పోకు బిడ్డా" అంది. ఆయనకు కనబడకూడదు, ఈమెకు కోపం రాకూడదు. జాలీ కింది నుంచి పానా పెట్టి, చేతికి తగిలిన బోల్టు వదులు చేసి, తీగ చుట్టి బిగించాను. చేతికి తగిలింది ఆ బోల్టే. అక్కడ పది బోల్టులు ఉన్నాయి కదా, ఇంకోటి తగలకూడదా?

డెంటింగ్ ఆయన వచ్చేలోగా తెంపి జేబులో వేసుకున్నాను. బోల్టు విప్పి ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా గీకి బిగించాను. కుడి లైటు వేస్తే గోడ మీద పట్టపగలే వెలుగు పడింది.

నిమ్మకాయను ఫ్యాక్టరీల మురుగంతా కలిసే నక్కవాగులో పడేశాను. ఆ నీళ్లలో అదొక లెక్క కాదు.

నవంబర్ 17

చెప్పాలి. సార్‌కు సోమవారం చెప్తాను.

నవంబర్ 18

సోమవారం. సార్ మూడ్ బాగాలేదు, పొల్యూషన్ వాళ్లు వచ్చారు.

నవంబర్ 20

ఈరోజు చెబుదామనే అనుకున్నాను. కొత్త లైటు వేశాక పటాన్‌చెరు నుంచి పోతిరెడ్డిపల్లి దాకా రోడ్డు అద్దంలా కనబడింది. ఇంటి ముందు దిగుతూ సార్ అన్నాడు: "చూశావా వెంకటేశం? ఆ రాములును పంపేశాం, రోగం కుదిరింది."

"అవును సార్" అన్నాను.

ఇంకేమనాలి? ఆ నిమ్మకాయ నాదే సార్, మీ నుదుటి మీద బుడిపె నాదే సార్ అనాలా? మరుక్షణం మల్లయ్య పేరు రాస్తాడు. నాలుగేళ్లు తలుపులు తీశాను, ఆయన కూతురి స్కూలు సంచులు మోశాను. మా భూమిలో కట్టిన గేటు ముందు కార్డు చూపించి లోపలికి పోయాను. ఇదంతా ఒక్క నిమ్మకాయకు ఇచ్చేయాలా?

రాములుకేం, చేతిలో పని ఉంది. ఎక్కడైనా బతుకుతాడు. నాకేముంది?

డిసెంబర్ 1

రాములు షెడ్డుకు తాళం. మూడు రోజుల నుంచి చూస్తున్నాను. పండక్కి ఊరికి పోయి ఉంటాడు.

ఏ పండగ?

డిసెంబర్ 8

పెట్రోలు బంకులో రాములు పట్టుకున్నాడు. నా కోసమే నిలబడ్డాడట, పొద్దుటి నుంచి. గడ్డం పెరిగింది, చొక్కా నిండా తెల్ల పొడి. కంట్రాక్టరు కింద డ్రమ్ములెత్తే పనికి పోతున్నాడు.

తిడతాడనుకున్నాను. తిడితే తిట్టడానికి నేనూ సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు.

"పటేలా, ఒక్కపారి బానెట్ ఎత్తనియ్యుండ్రి."

"ఇప్పుడేం చూస్తవు? లైట్లు మంచిగనే ఉన్నయి."

"గందుకే. ఎందుకు పోయినయో, ఎందుకొచ్చినయో సమజైతలేదు. నేను వైర్లేసిన పదకొండు బండ్లు తిరిగి చూసిన. ఏ బండికి గూడ వంక లేదు. ఇదొక్కటే మిగిలింది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది పటేలా. ఎవడన్న పిలిచినా పానా పట్టబుద్ధయితలేదు. సోమమ్మ తమ్ముడు నేను వైరింగ్ చేసిన వ్యానే తోల్తడు. ఎక్కొద్దని వానికి ఒట్టు పెట్టింది. నా పెండ్లామే పెట్టింది."

బంకులో నలుగురు చూస్తున్నారు. బానెట్ ఎత్తాను.

కొత్త జాలీ ఇంకా రెండు స్క్రూల మీదే ఉంది, పక్కకు జరిపాడు. వంగి చూశాడు. చుట్టూ అంతా మట్టి, నూనె మరకలు. ఆ ఒక్క బోల్టు మాత్రం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది.

"దీన్ని ఎవలు గీకిండ్రు?"

"డెంటింగు వాళ్లు."

"డెంటింగు వాళ్లకు ఎర్త్ బోల్టుతోని ఏం పని?"

అతను బోల్టు కింద బాడీ మీద వేలితో రుద్ది, వేలు బయటికి తీసి చూసుకున్నాడు. పసుపు. నిమ్మకాయ రసం కారిన చోట గీకకుండా వదిలేశాను. మెరిసేది చూసి మురిసిపోయి వచ్చిన నా తెలివి మండ.

వేలు వాసన చూశాడు. నా ముఖం చూశాడు. తిడతాడు ఇప్పుడు, అనుకున్నాను. బంకులో కింద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని, "నాది కాదు. నాది కాదు గదా పటేలా" అని ఏడ్చాడు. ఏడుపులోనే నవ్వు. అంత సంతోషం మనిషి ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు. నాకు కోపం వచ్చింది. ఎందుకు రావాలో తెలియదు, వచ్చింది.

లేచాక అన్నాడు: "సారుకు చెప్పకుండ్రి. మీ నౌకరీ పోతది, పిల్లలున్నోళ్లు. నాకు ఆ కంపెనీ వద్దు. మా సోమమ్మకు ఒక్క మాట చెప్పుండ్రి. నేను చెప్తే తప్పు కప్పుకుంటున్న అనుకుంటది. మీ నోట్లకెళ్లి రావాలె. జెర వచ్చే ఆదివారం రాండ్రి."

"వస్త" అన్నాను.

డిసెంబర్ 15

ఆదివారం. సార్ వాళ్లను సినిమాకు తీసుకుపోవలసి వచ్చింది.

డిసెంబర్ 22

ఆదివారం. తలనొప్పి.

డిసెంబర్ 29

అరుణ అడిగింది, రాములన్న ఇంటికి పోతనన్నవు కదా అని. ఆమెకు ఎవరు చెప్పారు? నిద్రలో మాట్లాడుతున్నానట.

జనవరి 1, 1997

పర్మనెంట్. ఆర్డరు కాగితం సార్ తన చేత్తో ఇచ్చాడు. మల్లయ్య ముఖం చూడాలి. మా అమ్మ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి, నిమ్మకాయ కట్టబట్టే నీకు మంచి జరిగింది బిడ్డా అంది.

నేను బయటికి పోయి బీడీ తాగాను.

జనవరి 5, ఆదివారం

పోయాను. ఎవరూ బలవంతపెట్టలేదు, నా అంతట నేనే పోయాను. ఆ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఇక పర్మనెంట్ అయ్యాను, ఆ ఒక్క మాట చెబితే నాకు వచ్చే నష్టం లేదు. దారిలో ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను. "తప్పు రాములుది కాదు సోమమ్మా, నేను కట్టిన నిమ్మకాయది." అంతే. ఎంతసేపు పడుతుంది?

ఇంటి ముందే ఉంది సోమమ్మ. నన్ను చూడగానే చీర కొంగు సర్దుకుని లోపలికి ఉరికి, కుర్చీ తెచ్చి తుడిచి వేసింది. రాములు గడపలో నిలబడ్డాడు. అతను నా ముఖం చూడటం లేదు, నా నోరు చూస్తున్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఆమె నేల మీద కూర్చుని రెండు చేతులూ జోడించింది.

"మీరే వస్తరనుకోలే పటేలా. మా ఆయన చేసిన పనికి మీ పాణం మీదికొచ్చింది. మీ అమ్మ పెట్టిన బువ్వ తిన్న ఇల్లు మాది, మా మామ మీ ఇంట్లనే పెరిగిండు. గసుంటి మీకే చెరుపు చేసిండు. ఇన్ని దినాలు మీకు మొఖం చూపియ్యలేకపోయిన. కడుపుల పెట్టుకోండ్రి. మా మీద పగ పట్టకుండ్రి."

ఏడుస్తోంది. నా కాళ్లు పట్టుకుంది. ఇద్దరు ఆడవాళ్లు పక్కింటి గోడ మీదినుంచి చూస్తున్నారు. నా కాళ్లు పట్టుకుని ఎవరైనా ఏడ్చి ఎన్నేళ్లయిందో. మా నాయన కాళ్లు పట్టుకునేవారు ఇలాగే, మా వాకిట్లో.

"పోనియ్యి సోమమ్మా" అన్నాను. "అయ్యిందేదో అయ్యింది. నా మనసుల ఏం లేదు."

ఆమె కళ్లు తుడుచుకుని చాయ్ పెట్టింది. తాగాను. యాలకులు వేసింది. పర్మనెంట్ అయ్యారట కదా అని సంతోషపడింది. రాములు గడపలోంచి కదలలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. వాడైనా అనొచ్చు కదా, నేను కాదు ఈయనే అని? నేను అడ్డుపడేవాడినా?

రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చాడు. అక్కడ ఆగి అన్నాడు:

"ఇగ మా ఇంటికి రాకుండ్రి."

రమ్మన్నదీ వాడే, రావద్దన్నదీ వాడే.